చిప్పు మారినంత మాత్రాన బోర్డు మూగపోవలెనా? – భిన్న సంస్థల ఫ్లాష్ మెమొరీలు, ఒకే పట్టిక: ఒక విమర్శ

మంజీర నదిమీద 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగర్ జలాశయము మా ప్రాంతపు పొలములకు ప్రాణము. కాలువకు నీరు వదలిన దినములలో ఏ తూము వద్ద నీరు ఎంత ఎత్తున పారుచున్నదో తెలియుట రైతునకు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. మా కళాశాల విద్యార్థులు కొందరు ఈ నీటిమట్టమును గంటగంటకు కొలిచి నమోదు చేసికొను చిన్న యంత్రమును తయారుచేసిరి. అరచేయియంత కంప్యూటరు బోర్డు, నీటి ఎత్తును కొలుచు పరికరము, వాననుండి కాపాడుటకు ఒక రేకుడబ్బా – దానిలో ఉన్నది ఇంతే. మొదటి యంత్రము చక్కగా పనిచేసినది. ఒకటి చెడినచో మరొకటి చేతిలో ఉండవలెనని అదే పేరుగల రెండవ బోర్డును అదే దుకాణములో కొని తెచ్చితిమి. దానికి విద్యుత్తునిచ్చి చూడగా తెరమీద ఒక్క వాక్యము వచ్చినది: "గుర్తింపబడని జెడెక్ సంఖ్యలు". అంతటితో బోర్డు నిలిచిపోయినది.

విద్యార్థులు బోర్డు చెడిపోయినదనుకొనిరి. భూతద్దముతో పరీక్షించగా కారణము కనబడినది. రెండు బోర్డులమీదను ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ మెమొరీ చిప్పు ఒకటి ఉన్నది. మొదటి బోర్డులోని చిప్పు ఒక సంస్థది, రెండవదానిలోనిది మరొక సంస్థది. రెండింటి పరిమాణము ఒక్కటే, ధర ఇంచుమించు ఒక్కటే, కాళ్ల అమరిక ఒక్కటే. బోర్డు చెడిపోలేదు. సాఫ్ట్‌వేరులోని ఒక పట్టికలో ఒక్క వరుస లేదు. అంతే.

ఇందులో ఒక వింత ఉన్నది. "ఈ చిప్పు నాకు తెలియదు" అని చెప్పిన సాఫ్ట్‌వేరు ఎక్కడనుండి వచ్చినది? ఆ చిప్పునుండియే వచ్చినది! బోర్డుమీది ప్రధాన చిప్పులో తయారీనాడే శాశ్వతముగా ముద్రింపబడిన చిన్న కార్యక్రమము ఒకటి ఉండును. అది ఏ పట్టికయు చూడక, ఫ్లాష్ చిప్పునుండి ఈ సాఫ్ట్‌వేరును చదివి నడిపించినది. నడువనారంభించిన సాఫ్ట్‌వేరు తాను పుట్టిన యింటినే గుర్తింపలేకపోయినది. ఈ వింతకు మూలమేమి, దానిని తొలగించుటకు ఇంజనీర్లు ఏమి చేసిరి, చేసినదానిలో మంచిచెడ్డలేవి అను విషయమును ఈ వ్యాసములో విమర్శించి చూతము. ఈ కథలో ఒక ముఖ్యఘట్టమునకు మన హైదరాబాదుతో సంబంధము కలదు.

ఫ్లాష్ చిప్పు స్వభావము

విద్యుత్తు పోయినను వ్రాసినది చెరగని మెమొరీ ఫ్లాష్ మెమొరీ. జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసుఓకా దీనిని 1984లో లోకమునకు ప్రకటించెను. దీనిలో రెండు ప్రధాన జాతులు కలవు: నార్, నాండ్. పెద్ద మొత్తములలో ఫోటోలు, పాటలు దాచుకొనుటకు నాండ్ అనుకూలము. ఏ బైటును కావలసిన ఆ బైటును నేరుగా చదువుటకు నార్ అనుకూలము. అందుచేత బోర్డు మేలుకొనగానే చదువవలసిన మొదటి సాఫ్ట్‌వేరును సాధారణముగా నార్ చిప్పులో ఉంచుదురు. మన చర్చ ఈ నార్ చిప్పులను గురించియే.

పలకమీద ఒక్క అక్షరమును చెరిపి దిద్దవచ్చును. ఫ్లాష్ చిప్పులో అట్లు కుదరదు. వ్రాత అనగా 1గా ఉన్న బిట్టును 0గా మార్చుట మాత్రమే. 0ను తిరిగి 1గా మార్చవలెనన్న ఒక గడినంతటిని ఒకేసారి తుడిచివేయవలెను. ఆ గడి 4 కిలోబైట్లు కావచ్చును, 64 కావచ్చును, 256 కావచ్చును. గడి కొలత తెలియక తుడిచినవాడు పొరుగువాని లెక్కలనుకూడ తుడిచివేయును. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన విమర్శకంతకు ఇది ఆయువుపట్టు.

భాష ఒక్కటే, యాసలు వేరు

నేటి సీరియల్ నార్ చిప్పులన్నియు ఇంచుమించు ఒకే ఆజ్ఞాభాషను అర్థము చేసికొనును. పదహారింటి లెక్కలో, అనగా హెక్సా పద్ధతిలో, 03 అన్నచో చదువుము, 06 అన్నచో వ్రాతకు అనుమతి, 02 అన్నచో వ్రాయుము, 9ఎఫ్ అన్నచో నీ పేరు చెప్పుము. పేరడిగినప్పుడు చిప్పు మూడు బైట్లు ముందుగా చెప్పును. మొదటిది తయారు చేసిన సంస్థ సంఖ్య, తక్కిన రెండును ఆ సంస్థ తన చిప్పు రకమునకు పెట్టుకొనిన సంఖ్య. జెడెక్ అను ప్రమాణ సంస్థ తయారీదారులకు ఈ సంఖ్యలను పంచిపెట్టుచున్నది. విన్‌బాండ్ వారి 16 మెగాబైట్ల చిప్పు ఒకటి ఇఎఫ్-40-18 అని చెప్పును. మాక్రోనిక్స్ వారిది సి2-20-18 అనును. మైక్రాన్ వారిది 20-బిఎ-18 అనును.

చివరి 18ని చూడుడు. పదహారింటి లెక్కలో 18 అనగా మన లెక్కలో 24. 2ను 24 మార్లు హెచ్చించినచో 1,67,77,216 వచ్చును. అదియే 16 మెగాబైట్లు. మూడవ బైటు చిప్పు పరిమాణమును తెలుపునని విద్యార్థి సంతోషించును. ఆ సంతోషము ఎక్కువ కాలము నిలువదు. 64 మెగాబైట్ల చిప్పునకు ఈ లెక్క ప్రకారము 1ఎ రావలెను. మాక్రోనిక్స్ వారు అట్లే 1ఎ అని పెట్టిరి. మైక్రాన్, విన్‌బాండ్ సంస్థలు 19 తరువాత 20 అని పెట్టినవి. లెక్కను నమ్మి 20ని ఘాతముగా తీసికొన్నచో 64 మెగాబైట్ల చిప్పు 4 గిగాబైట్లుగా కనబడును! కాబట్టి పేరునుండి గుణమును ఊహించుట ప్రమాదకరము.

ఇంతకంటె చిక్కైన భేదములు మూడు కలవు.

మొదటిది నాలుగు తీగెల చదువు. వేగము పెంచుటకు ఒక తీగెకు బదులు నాలుగు తీగెలమీద చదువవచ్చును. అందుకు చిప్పు లోపల ఒక బిట్టును 1 చేయవలెను. మాక్రోనిక్స్ చిప్పులలో ఆ బిట్టు స్థితిపదములో 6వ స్థానమున ఉన్నది. స్పాన్షన్, విన్‌బాండ్ చిప్పులలో రెండవ పదములో 1వ స్థానమున ఉన్నది. మైక్రాన్ చిప్పులలో అట్టి బిట్టే లేదు. మాక్రోనిక్స్ పద్ధతిని పొరపాటున విన్‌బాండ్ చిప్పుపై ప్రయోగించినచో ఏమగును? అక్కడ 6వ బిట్టు వ్రాతనుండి కాపాడవలసిన భాగము ఎంత అను విషయమునకు సంబంధించినది. వేగము పెంచబోయి తాళమును కదిపినట్లగును.

రెండవది 16 మెగాబైట్ల సరిహద్దు. మూడు బైట్ల చిరునామాలో 24 బిట్లుండును. దానితో 16 మెగాబైట్లవరకే చేరగలము. అంతకు మించినచో కొన్ని చిప్పులను నాలుగు బైట్ల చిరునామా స్థితిలోనికి మార్చవలెను, లేదా చిప్పును 16 మెగాబైట్ల అరలుగా భావించి ఏ అర కావలెనో ముందుగా చెప్పవలెను. ఆ చెప్పు ఆజ్ఞ స్పాన్షన్‌కు ఒకటి, ఇతరులకు మరొకటి. పైగా బోర్డు ఆకస్మికముగా మరల మొదలైనప్పుడు చిప్పు పాత స్థితిలోనే ఉండిపోయినచో, మూడు బైట్ల చిరునామా తప్ప మరేమియు తెలియని తొలి కార్యక్రమము అర్థములేని బైట్లను చదివి ఆగిపోవును. ఇట్టి బోర్డులను ముందుగానే పేర్కొని జాగ్రత్తపడుటకు లినక్స్‌లో 2018లో ఒక ప్రత్యేక గుర్తును చేర్చవలసివచ్చినది.

మూడవది అన్నిటికంటె భయంకరము. స్పాన్షన్ వారి 32 మెగాబైట్ల చిప్పు ఒకటి రెండు రూపములలో వచ్చినది. రెండును మొదటి మూడు బైట్లలో 01-02-19 అనియే చెప్పును. తుడుపు ఆజ్ఞ రెండింటికిని డి8. కాని ఆ ఒక్క ఆజ్ఞ ఒకదానిలో 64 కిలోబైట్లను, మరొకదానిలో 256 కిలోబైట్లను తుడుచును. నాల్గవ, అయిదవ బైట్లనుకూడ అడిగినప్పుడే భేదము తెలియును: 256 గలది 4డి-00, 64 గలది 4డి-01. అడుగనివాడు అనుకొన్నదానికి నాలుగింతలు తుడిచివేయును.

హైదరాబాదు సంస్కరణ

ఆపరేటింగ్ సిస్టమ్ కంటె ముందు మేలుకొని, దానిని చిప్పునుండి తెచ్చి నడిపించు సాఫ్ట్‌వేరులలో యు-బూట్ ప్రసిద్ధమైనది. అది ఆపరేటింగ్ సిస్టమ్ కాకపోయినను చిప్పుల విషయమున లినక్స్ ఎదుర్కొను చిక్కులన్నియు దానికిని ఉన్నవి. దాని మూలపాఠము ఎల్లరకు బహిరంగము. ప్రతి మార్పు, చేసినవారి పేరుతోను తేదీతోను భద్రముగా ఉన్నది. కాబట్టి ఒక గ్రంథమును విమర్శించినట్లే దానిని విమర్శింపవచ్చును.

2013కు పూర్వము యు-బూట్‌లో ఆట్మెల్, ఎస్‌టి మైక్రో, స్పాన్షన్, మాక్రోనిక్స్, విన్‌బాండ్, ఎస్‌ఎస్‌టి, ఈయాన్ – ఇట్లు సంస్థకొక పైలు చొప్పున ఉండెడిది. ప్రతి పైలులోను ఒక చిన్న పట్టిక, దానికి తోడు చిప్పును గుర్తించి సిద్ధపరచు విధానము. ఆ విధానములు చాలవరకు ఒకదానికొకటి నకళ్లు. ఒక పైలులో దిద్దిన తప్పు మిగిలినవాటిలో దిద్దకుండ ఉండిపోవుటకు అవకాశము మెండు. క్రొత్త సౌకర్యము చేర్చవలెనన్న అన్ని పైళ్లను తెరువవలెను.

2013లో జగన్నాధ సూత్రధారుడు టేకి అను తెలుగు ఇంజనీరు ఈ పద్ధతిని మార్చెను. అప్పటి ఆయన మార్పులమీద జైలింక్స్ సంస్థ చిరునామా ఉన్నది. తరువాతి సంవత్సరములలో జగన్ టేకి అను పేరుతో, హైదరాబాదు నుండి ఆయన యు-బూట్‌లోని ఈ విభాగమునకు సంరక్షకుడుగా పనిచేసెను. ఆయన సంస్కరణ సారాంశమిది: సంస్థలవారీ పైళ్లను తొలగించి, గుర్తించు విధానమును ఒక్కటి చేసి, చిప్పులన్నిటిని ఒకే పట్టికలో వరుసలుగా పేర్చుట. ఒక్కొక్క వరుసలో పేరు, గుర్తింపు సంఖ్య, అదనపు గుర్తింపు సంఖ్య, గడి కొలత, గడుల సంఖ్య, కొన్ని ప్రత్యేక గుర్తులు ఉన్నవి.

ఈ పనిలోని గొప్పతనమును ముందు చెప్పవలెను. భేదమును విధానములో దాచుట వేరు, సమాచారముగా వ్రాసిపెట్టుట వేరు. విధానములో దాగిన భేదము దానిని వ్రాసినవానికే తెలియును. పట్టికలోని భేదమును పదవ తరగతి విద్యార్థికూడ చదివి సరిచూడగలడు. పైన చెప్పిన 64, 256 కిలోబైట్ల కవల చిప్పులు ఈ పట్టికలో అదనపు సంఖ్యతో సహా రెండు వేరు వరుసలుగా ఉన్నవి. ఎస్‌ఎస్‌టి వారి పాత చిప్పుల వ్రాతపద్ధతి వేరైనందున, దానికి ఒక గుర్తు పెట్టబడినది. క్రొత్త చిప్పును చేర్చుట ఒక పైలు వ్రాయుటనుండి ఒక వరుస వ్రాయుటకు తగ్గినది. చిన్న బోర్డులు చేయువారికి ఇది నిజమైన మేలు.

పేరు వేరు, గుణము వేరు

ఇక లోపములు. తలుపునుండి వెడలగొట్టిన సంస్థాభేదము కిటికీనుండి మరల ప్రవేశించినది. నాలుగు తీగెల బిట్టును పెట్టునప్పుడును, 16 మెగాబైట్ల అరను ఎంచునప్పుడును, ఆ కాలపు యు-బూట్ చిప్పు మొదటి బైటును చూచి దారి ఎన్నుకొనుచుండెను: మాక్రోనిక్స్ అయినచో ఇట్లు, స్పాన్షన్, విన్‌బాండ్ అయినచో అట్లు. అనగా పట్టికలోని వరుసకు చెందవలసిన గుణము సంస్థ పేరునకు అంటగట్టబడినది.

ఇది ఎందుకు తప్పు? సంస్థ పేరు స్థిరమైనది కాదు. మైక్రాన్ చిప్పులు చెప్పు 20 అను సంఖ్య నిజమునకు ఎస్‌టి మైక్రో వారిది. ఆ సంస్థయు ఇంటెలును 2008లో తమ ఫ్లాష్ వ్యాపారములను కలిపి న్యూమోనిక్స్‌గా చేసినవి. 2010లో న్యూమోనిక్స్ మైక్రాన్‌లో కలిసినది. స్పాన్షన్ చిప్పులు చెప్పు 01 ఎ.ఎం.డి. సంస్థ సంఖ్య. స్పాన్షన్ 2015లో సైప్రస్‌లోను, సైప్రస్ 2020లో ఇన్‌ఫినియన్‌లోను కలిసినవి. యజమానులు మారిరి, సంఖ్య మారలేదు. ఇట్టి సంఖ్య వంశనామము వంటిది. వంశనామమును బట్టి మనుష్యుని స్వభావమును నిర్ణయింపము గదా.

అంతేకాదు. ఆ వంశనామమైనను ఒక్కరికే చెందియుండునను నమ్మకము లేదు. సంస్థ సంఖ్యకు 8 బిట్లు. అందులో ఒకటి సరిచూచుకొనుటకు పోగా 7 మిగులును. అన్నియు 0లు, అన్నియు 1లు అను రెండింటిని విడిచినచో ఒక జాబితాలో 126 సంస్థలకే చోటు. అవి నిండిన తరువాత రెండవ జాబితా, మూడవ జాబితా ఇట్లు తెరువబడినవి. తరువాతి జాబితాలోని సంస్థ తన సంఖ్యకు ముందు 7ఎఫ్ అను కొనసాగింపు గుర్తును కావలసినన్ని మార్లు చెప్పవలెను. అనేకులు చెప్పరు. చైనాలోని ఎక్స్‌ఎంసి సంస్థ చిప్పు ఒకటి 20-70-18 అని చెప్పును. మొదటి బైటును మాత్రమే చూచు సాఫ్ట్‌వేరు దానిని మైక్రాన్ వంశములో చేర్చును.

ఒకే సంస్థ, ఒకే సంఖ్య, రెండు గుణములు గల సందర్భములును కలవు. మాక్రోనిక్స్ వారి 32 మెగాబైట్ల చిప్పులో ఇ తరగతి, ఎఫ్ తరగతి రెండును సి2-20-19 అనియే చెప్పును. నాలుగు బైట్ల చిరునామాగల ప్రత్యేక ఆజ్ఞలు ఎఫ్ తరగతికే తెలియును. ఇక్కడ ఏ పట్టికయు మనలను రక్షింపలేదు. ఈ దోషము సాఫ్ట్‌వేరు వ్రాసినవారిది కాదు, గుణము మార్చి పేరు మార్చని తయారీదారులది. ఆ భారము మాత్రము మోయువారు బోర్డు కొన్నవారు.

రెండవ లోపము మా అనుభవములో చూచినదే: పట్టికలో లేని చిప్పు కనబడినంతనే పని ఆపివేయుట. దీనికొక సమర్థన ఉన్నది. గడి కొలత తెలియకుండ తుడుచుటకంటె నిలిచిపోవుటయే క్షేమము. ఈ వాదమును వ్రాతకు, తుడుపునకు అంగీకరింతును, చదువుటకు అంగీకరింపను. 03 అను ఆజ్ఞతో మొదటి 16 మెగాబైట్లలోపల చదువుటకు ఏ పట్టికయు అక్కరలేదని బోర్డులోని తొలి కార్యక్రమము ప్రతిదినము నిరూపించుచున్నది. చదువుటచేత చిప్పులో ఏదియు చెడదు. తెలియని చిప్పును చదువనిచ్చి, వ్రాతను నిషేధించినచో బోర్డు మేలుకొనును, యజమాని సమాచారమును దక్కించుకొనును. సంపూర్ణ జ్ఞానము లేనిచో పూర్తిగా మౌనమే అను నియమము ఇంజనీరింగు వివేకము కాదు.

చిప్పు తానే చెప్పుకొను జాతకము

చిప్పు పేరు మాత్రమే కాక గుణములనుకూడ తానే చెప్పవలెనను ఆలోచన క్రొత్తది కాదు. అనేక కాళ్లుగల పాత సమాంతర ఫ్లాష్ చిప్పులలో ఇంటెల్ ఆజ్ఞలు ఒక తీరు, ఎ.ఎం.డి. ఆజ్ఞలు ఒక తీరు ఉండగా, చిప్పును ప్రశ్నించి దాని తీరును, గడుల కొలతలను తెలిసికొను సామాన్య పద్ధతిని ఏర్పరచిరి. జెడెక్ దానిని 1999లో ప్రమాణముగా ప్రకటించినది. సీరియల్ చిప్పులకు అట్టి ప్రమాణము 2011లో వచ్చినది. దానిని పొడి అక్షరములలో ఎస్.ఎఫ్.డి.పి. అందురు. 5ఎ అను ఆజ్ఞ ఇచ్చినచో చిప్పు తన పరిమాణము, తుడుపు గడులు, చదువు తీరులు గల పట్టికను చదివి వినిపించును.

2013 నాటి సంస్కరణ దీనిని ఉపయోగింపలేదేమని అడుగవచ్చును. ఇక్కడ విమర్శకుడు న్యాయము తప్పకూడదు. తొలి ప్రమాణములోని పట్టికకు 9 పదములు మాత్రమే. నాలుగు తీగెల బిట్టు ఎక్కడ ఉన్నది, నాలుగు బైట్ల స్థితికి ఎట్లు మారవలెను అను రెండు ముఖ్యవిషయములు తరువాతి ప్రతులలో పట్టిక 16 పదములకు పెరిగిన పిమ్మట చేరినవి. పైన చూపిన చిక్కులను తొలి ప్రమాణము తీర్చియుండెడిది కాదు.

లినక్స్‌లో ఈ స్వీయపట్టికను చదువు ఏర్పాటు 2017లో వచ్చినది. 2019లో యు-బూట్ తన పాత పద్ధతిని విడిచి లినక్స్ పద్ధతిని స్వీకరించినది. ఈ మార్పును టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజనీరు విఘ్నేష్ రాఘవేంద్ర తెచ్చెను. ఆ మరుసటి సంవత్సరము, 2020లో, లినక్స్‌లో ఒక విచిత్రము జరిగినది. అంతవరకు ఒకే పైలులో ఉన్న మహాపట్టికను విడదీసి మరల సంస్థకొక పైలుగా చేసిరి! యు-బూట్ 2013లో కలిపినదానిని లినక్స్ 2020లో విడదీసినది. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు?

ఇద్దరును ఒప్పే అని నా అభిప్రాయము. 2013కు ముందు సంస్థల పైళ్లలో ఉన్నది విధానము. అదే పని ఏడుమార్లు వ్రాయబడినది. దానిని కలుపుట అవసరము. 2020 నాటి సంస్థల పైళ్లలో ఉన్నది అపవాదములు మాత్రమే. సామాన్య విధానము మధ్యనున్న ఒక్క పైలులోనే నిలిచినది. బయటికి రెండు దారులు ఎదురెదురుగా కనబడినను లోపలి సూత్రము ఒక్కటే: అందరికి సామాన్యమైనది ఒక్కచోట, ప్రత్యేకమైనది దాని యజమాని పేరిట. పైళ్ల సంఖ్యను చూచి సంస్కరణను మెచ్చుకొనుటయు, నిందించుటయు రెండును తొందరపాటే.

స్వీయపట్టిక వచ్చినది గదా, ఇక పట్టికలతో పనియేమి అని కొందరు తలంతురు. చిప్పు చెప్పినదంతయు నిజమైనచో ఆ మాట సరియే. ఐఎస్‌ఎస్‌ఐ సంస్థ వారి 32 మెగాబైట్ల చిప్పు ఒకటి తన స్వీయపట్టికలో "నాకు మూడు బైట్ల చిరునామాయే తెలియును" అని చెప్పుకొనినది. మూడు బైట్లతో 16 మెగాబైట్లకు మించి చేరలేమని మనకు తెలియును. ఆ చిప్పు నిజమునకు నాలుగు బైట్ల ఆజ్ఞలను చక్కగా అర్థము చేసికొనును. దాని మాటను దిద్దుటకు లినక్స్‌లో ఐఎస్‌ఎస్‌ఐ పైలులో ఒక సవరణ వ్రాయవలసివచ్చినది. జాతకము చిప్పు స్వయముగా చెప్పినదైనను లెక్క సరిచూడవలెను.

2022లో లినక్స్ మరొక అడుగు వేసినది. పట్టికలో వరుస లేకున్నను, చిప్పులో స్వీయపట్టిక ఉన్నచో దానిని ఆధారము చేసికొని చిప్పును నడుపు సామాన్య ఏర్పాటును చేర్చిరి. ఇప్పుడు క్రొత్త చిప్పునకు వరుస వ్రాయదలచినవారికి ఆ విభాగపు నియమావళి మొదట చెప్పు మాట ఇది: వరుస లేకుండ పనిచేయునేమో చూడుడు. చిప్పు తాను చెప్పలేని గుణము ఏదైన ఉన్నప్పుడే వరుస చేర్చుడు. ఇది నా దృష్టిలో ఈ కృషిలో అత్యుత్తమ నిర్ణయము.

సారాంశము

విమర్శ ముగింపున తీర్పు చెప్పుట ఆచారము గనుక చెప్పుచున్నాను. హైదరాబాదు ఇంజనీరు చేసిన 2013 సంస్కరణ భేదమును విధానమునుండి సమాచారములోనికి మార్చినది. తరువాతివారు ఆ సమాచారమునకు సరియైన చోటు వెదకిరి. మిగిలిన పని మూడు మాటలలో చెప్పవచ్చును. చిప్పు చెప్పగలిగినది చిప్పునే అడుగవలెను. చిప్పు తప్పు చెప్పిన చోట, సాక్ష్యముతో, ఆ చిప్పు వరుసలోనే దిద్దవలెను, దాని సంస్థ అంతటికి అంటగట్టరాదు. ఏదియు తెలియనిచోట చదువుటకు అనుమతించి వ్రాతను ఆపవలెను. ఇక తయారీదారులు గుణము మార్చినప్పుడు సంఖ్యను మార్చుట నేర్చుకొనినచో ఈ చిక్కులలో సగము పుట్టకనే పోవును.

మా రెండవ బోర్డు కథను పూర్తి చేయవలెను. దానిలోని యు-బూట్‌కు ఒక వరుస చేర్చుటకు నిశ్చయించితిమి. ఒక విద్యార్థి తొందరపడి, అదే పరిమాణముగల మరొక చిప్పు వరుసను నకలు చేసి సంఖ్య మార్చిన చాలునన్నాడు. ఆ చిప్పు వివరపత్రమును తెచ్చి, తుడుపు గడి కొలతను చదివిన తరువాతనే వరుస వ్రాయుమని అతనికి చెప్పితిని. ఈసారి కొలత సరిపోయినది. సరిపోకయుండినచో నీటిమట్టపు నమోదును తుడుచుటకు బదులు యంత్రము తన్ను తానే తుడిచివేసికొనియుండెడిది. ఇప్పుడా యంత్రము కాలువ గట్టుమీది రేకుడబ్బాలో పనిచేయుచున్నది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న సూచన. ఈ వ్యాసములో వచ్చిన సంస్థ సంఖ్యలను – 01, 20, సి2, ఇఎఫ్ – నల్లబల్లమీద వ్రాసి, వాటిని రెండింటి లెక్కలోనికి మార్పించుడు. ప్రతిదానిలోను 1ల సంఖ్య బేసియే అని విద్యార్థులు కనుగొందురు. ఆ ఎనిమిదవ బిట్టును సరిచూచుటకై పెట్టిరని అప్పుడు చెప్పుడు. పిమ్మట కొనసాగింపు గుర్తైన 7ఎఫ్‌ను కూడ అట్లే పరీక్షింపుడు. అందులోను ఏడు 1లు, అనగా బేసియే. ఆ తరువాత ఒక ప్రశ్న అడుగుడు: 20 అని ఒక చిప్పు చెప్పినప్పుడు అది ఏ జాబితాలోని 20? సరియైన సమాధానము "ఈ ఒక్క బైటుతో చెప్పలేము" అనియే. తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసినంతమేరకు పనిచేయుట చిప్పులకు సాఫ్ట్‌వేరు వ్రాయువారికే కాదు, విజ్ఞానశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికిని మొదటి పాఠము.